ఒకే బ్యాచ్ నైలాన్, రెండు చోట్ల రెండు రిజల్ట్‌లు. గాలిలో తేమ ఇంత తేడా తెస్తుందా?

నైలాన్‌తో_నానాపాట్లు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మెటీరియల్ టెస్టింగ్ ల్యాబ్‌లో మూడేళ్లుగా ఉన్నాను. ఇన్నాళ్లూ స్టీలు, అల్యూమినియం ముక్కలే మెషీన్ మీద లాగి బలం చూశాను. ప్లాస్టిక్ వైపు వేసి నాలుగు నెలలవుతోంది, నాకు నిద్ర కరువై కూడా సరిగ్గా నాలుగు నెలలే.

సంగతేంటంటే, మోల్డింగ్ చేసే కస్టమర్ ఒకరు నైలాన్ 6 డంబెల్ ముక్కలు (చివర్లు వెడల్పు, నడుము సన్నం) ముప్పై పోయించారు. గ్లాస్ ఫైబర్ గట్రా కలపని మామూలు రకం, 4 మి.మీ. మందం. పదింటిని పోసిన మర్నాడే వాళ్ల దగ్గరే లాగి చూసుకున్నారు. ఈల్డ్ (ముక్క శాశ్వతంగా సాగడం మొదలెట్టే ఒత్తిడి) సగటు 79 మెగాపాస్కల్. మిగతా ఇరవై మాకు పంపారు. మెషీన్ ఖాళీ లేక అవి మా బల్ల మీద ట్రేలో ఏడు వారాలు కూర్చున్నాయి. పోయిన వారం పది లాగాను. సగటు 58. మాడ్యులస్ (సాగకుండా నిలబడే బిగువు) వాళ్లకి 3 గిగాపాస్కల్ పైన వస్తే నాకు 1.9 వచ్చింది.

రెండో మూడో తేడా అయితే సర్దుకుపోయేదాన్ని. ఇక్కడ నాలుగో వంతుకు పైనే మాయమైంది.

చూడాల్సినవన్నీ చూశాను. లోడ్‌సెల్ (మెషీన్‌లో బలం కొలిచే భాగం) క్యాలిబ్రేషన్ అయి నెల కాలేదు. అదే మెషీన్ మీద అల్యూమినియం చెక్ పీస్ లాగితే ఎప్పుడూ వచ్చే అంకే వచ్చింది. గ్రిప్‌లలో జారిన గీతలు లేవు. గది 23 డిగ్రీలు, గోడ మీది డిజిటల్ మీటర్‌లో తేమ 49 శాతం. రిపోర్టులో 23/50 (23 డిగ్రీలు, 50 శాతం తేమ) అని ధైర్యంగా రాసుకోవచ్చు.

ఒక్కటే వింతగా ఉంది. ముక్కలు వచ్చిన రోజున మైక్రోమీటర్‌తో కొలిచి రాసిపెట్టుకున్నాను. వెడల్పు 10.03, మందం 4.00. లాగబోయే ముందు కొలిస్తే అవే ముక్కలు 10.07, 4.02. నా చెయ్యి వణికిందేమో అనుకుని ఇరవైనీ మళ్లీ కొలిచాను. పద్దెనిమిదింటికి అదే వరస.

నైలాన్ తేమ పీలుస్తుందని నాకూ తెలుసు. కానీ గది చక్కగా 50 శాతంలో ఉన్నప్పుడు తేమది తప్పెలా అవుతుంది? మా పెద్దాయన దగ్గర తేమ మాట ఎత్తితే "కుంటిసాకులు చెప్పకు" అంటున్నారు. తప్పు నాదా, వాళ్లదా, గాలిదా?

---

స్క్రాప్‌రాజు:

ఇంత బుర్ర పాడుచేసుకోవద్దు. రీగ్రైండ్ (ఒకసారి పోసిన ప్లాస్టిక్‌ని మళ్లీ నూరినది) కలిపి పోసుంటారు. మంచి మెటీరియల్ పది ముక్కలు వాళ్లుంచుకుని, చెత్త మీకు పంపారు. లేదంటే ప్లాస్టిక్ గింజల్ని సరిగ్గా ఆరబెట్టకుండా మెషీన్‌లో వేశారు. తడి గింజలు కరిగేటప్పుడు నైలాన్ అణువుల గొలుసులు తెగిపోతాయి, బలం పోతుంది. నేను ఇరవైసార్లు చూశాను. గాలిలో తేమ 49 ఉంటే ఏంటి, 55 ఉంటే ఏంటి. ఇదేమైనా అట్టముక్కా?

---

తడిబల్బు:

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మెషీన్ మీద పడకుండా ముందు అన్నీ సరిచూసుకున్నారు, అదే సగం పని. మిగతా సగం మీ పోస్టులోనే ఉంది. ఒకటి, "ఏడు వారాలు". రెండోది, ఆ 10.07. మీ చెయ్యి వణకలేదు. ముక్క ఉబ్బింది.

స్క్రాప్‌రాజు గారూ, తడి గింజల మాట నిజమే, కాదనను. కానీ రీగ్రైండ్ కలిస్తే బలం తగ్గుతుంది, బల్ల మీద పడుకున్న ముక్కకి వెడల్పు పెరగదు కదా.

ఇంకో టెస్టు చేసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మిగిలిన పది ముక్కల్నీ తూకం వేయండి. నాలుగు దశాంశాల త్రాసు అక్కర్లేదు, మూడు చాలు. వేళ్లతో పట్టుకోకండి, పట్టకారు వాడండి. తర్వాత మూడింటిని 80 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టి రోజూ తీసి తూయండి. వరసగా రెండు రోజులు తూకం కదలకపోతే అది ఎండు తూకం. వాక్యూమ్ ఎందుకంటే, మామూలు గాలి ఓవెన్‌లో రోజుల తరబడి ఉంచితే నైలాన్ పసుపు పచ్చబడుతుంది, అప్పుడు ఇంకో తగువు మొదలవుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. గది 50లో ఉంటే తేమది తప్పెలా?

గోడ మీది మీటర్ గాలి సంగతి చెబుతుంది. ముక్క కడుపులో ఏముందో దానికి తెలీదు. నైలాన్ 6ని 23 డిగ్రీల్లో 50 శాతం గాలిలో తృప్తి తీరేదాకా ఉంచితే తన బరువులో సుమారు రెండున్నర నుంచి మూడు శాతం నీళ్లు తాగుతుంది. నీళ్లలోనే ముంచి వదిలేస్తే 9 శాతం దాకా వెళ్తుంది. అచ్చులోంచి అప్పుడే తీసిన ముక్కలో దాదాపు ఏమీ ఉండదు. అంటే వాళ్లు ఎండు నైలాన్‌ని లాగారు. మీరు అరకొర తాగిన నైలాన్‌ని లాగారు. రెండూ నైలాన్ 6 అయినా, టెస్టు దృష్టిలో రెండు వేరు వేరు మెటీరియల్స్.

ఎందుకిలా? నైలాన్ గొలుసుల్లో అమైడ్ అనే పరమాణు గుంపులు పక్క గొలుసు చెయ్యి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టే దాని బిగువు. నీటి అణువు సన్నగా దూరి ఆ చేతుల మధ్య కూర్చుంటుంది. ఇప్పుడు గొలుసులు ఒకదాని మీద ఒకటి జారగలవు. ఎండుగా ఉన్నప్పుడు గ్లాస్ ట్రాన్సిషన్ (గట్టి ప్లాస్టిక్ మెత్తబడే వేడి) 50, 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. తేమ పట్టేకొద్దీ అది గది వేడి దాకా దిగిపోతుంది. అందుకే ఈల్డ్ కంటే మాడ్యులస్ ఎక్కువ దెబ్బతింటుంది. 3 గిగాపాస్కల్ ఉన్నది పూర్తిగా తేమ పట్టాక 1 దగ్గరికి వచ్చినా ఆశ్చర్యం లేదు. బదులుగా దెబ్బకి తట్టుకునే గుణం పెరుగుతుంది. అందుకే నైలాన్ క్లిప్పులు, కేబుల్ టైలు అమ్మేవాళ్లు ఒక్కోసారి కవర్లో కావాలనే కాస్త తేమ ఉంచుతారు. ఎండినది బిగించగానే ఫట్‌మంటుంది.

మీ 1.9 చూస్తే ముక్కలు సగం దారిలో ఉన్నట్టు అనిపిస్తోంది. ఏడు వారాలైనా సగం దారేనా అంటే, అవును. నీళ్లు లోపలికి వెళ్లడానికి పట్టే కాలం మందంతో కాదు, మందం వర్గంతో పెరుగుతుంది. 1 మి.మీ. రేకుకి పట్టే కాలానికి 4 మి.మీ. ముక్కకి పదహారు రెట్లు. గది వేడిలో 4 మి.మీ. నైలాన్ సమతౌల్యానికి (ఇక తేమ పీల్చని స్థితికి) రావడానికి నెలలు చాలవు, ఏడాది మాటే. పైగా సగం దారిలో ఉన్న ముక్క అంతటా ఒకేలా ఉండదు. పైపొర తడిసి మెత్తగా, నడిమి ఇంకా ఎండుగా, గట్టిగా. మీరు కొలిచిన 58 ఏ ఒక్క స్థితిదీ కాదు. ఆ ట్రే, ఆ ఏడు వారాలు, ఆ గది, వీటన్నిటి ఉమ్మడి అంకె. మళ్లీ రప్పించమంటే మీరూ రప్పించలేరు.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నైలాన్ బుష్‌లు (లోపల షాఫ్ట్ తిరిగే గొట్టపు ముక్కలు) పాస్ చేసి పంపాను. అచ్చులోంచి తీసి చల్లారగానే ప్లగ్ గేజ్ (రంధ్రం సైజు చూసే కడ్డీ) పెట్టాను, అన్నిటికీ దూరాల్సిన "గో" చివర దిగింది, దూరకూడని "నో గో" చివర దిగలేదు. సంతకం పెట్టాను. మూడు నెలలకి షాఫ్ట్‌లు పట్టేశాయని ఒక పెట్టెడు వెనక్కి వచ్చాయి. బుష్ బయట లోహపు హౌసింగ్ బిగిసి ఉంది. నైలాన్ ఉబ్బింది, బయటికి పోవడానికి చోటు లేదు, ఉన్న చోటల్లా లోపలి రంధ్రమే. షాఫ్ట్‌ని గొంతు పట్టుకున్నట్టు పట్టుకుంది. 50 మి.మీ. నైలాన్ ముక్క ఎండు నుంచి 50 శాతం గాలి స్థితికి వచ్చేసరికి దాదాపు 0.3 మి.మీ. పెరుగుతుంది. నేను డ్రాయింగ్‌లో చూసుకున్న టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) 0.05. ఆ పెట్టెలో ఒక బుష్ ఇప్పటికీ నా బల్ల మీద పేపర్‌వెయిట్‌గా ఉంది.

మీ మీటర్ గురించి కూడా ఒక మాట. 49 చూపిస్తోంది కాబట్టి 49 ఉందని ఎవరు చెప్పారు? ఎప్పుడైనా సరిచూశారా? పైగా సాపేక్ష ఆర్ద్రత పేరులోనే ఉంది, సాపేక్షం. గాలిలో ఉన్న ఆవిరిని ఆ వేడిలో పట్టగలిగినంత ఆవిరితో భాగిస్తే వచ్చేది. 23 డిగ్రీల్లో సంతృప్త ఆవిరి పీడనం 2.81 కిలోపాస్కల్, 26లో 3.36. గదిలో ఒక్క చుక్క నీరు తగ్గకపోయినా, కిటికీ పక్కన 26 ఉన్న మూలలో మీ 50 శాతం 42 అవుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలి 20కి దిగిన చోట అదే గాలి 60 చూపిస్తుంది. ఒకే గది, ఒకే గాలి, మూడు అంకెలు. మీటర్ ఎక్కడుందో, ట్రే ఎక్కడుందో చూసుకోండి.

---

పడుగుపేక:

నేను నూలు, బట్టల టెస్టింగ్ వైపు. మాకు ప్రామాణిక గాలి 23/50 కాదు, 20 డిగ్రీలు, 65 శాతం. ప్లాస్టిక్ వాళ్ల గది మాకు పనికిరాదు, మాది వాళ్లకి పనికిరాదు. ఒకే భవనంలో రెండూ ఉంటే తలుపు తీసిన ప్రతిసారీ తగువే.

తేమ పడితే బలం పడిపోతుందని తడిబల్బు గారు చెప్పింది నైలాన్‌కి నిజం. అన్నిటికీ అదే సూత్రమని మాత్రం అనుకోకండి. పత్తి తడిస్తే బలం పెరుగుతుంది. విస్కోస్ తడిస్తే సుమారు సగం పోతుంది. రెండూ సెల్యులోజే! మా ల్యాబ్‌లో ఉదయం నేల తడిబట్టతో తుడిచిన రోజుల్లో కాటన్ నూలు లీ బలం (నూలు చుట్టని లాగితే వచ్చే అంకె) పెరిగేది. ఎవరికీ అర్థం కాక స్పిన్నింగ్‌లో ఏం మార్చారని వాళ్ల ప్రాణం తీశాం. చివరికి తుడిచే వేళ మార్చాక గ్రాఫ్ చదునైంది.

తూకం వేసేటప్పుడు ఇంకో తికమక ఉంటుంది, అది కూడా చెప్పేస్తాను. మేం "రీగెయిన్" అంటే నీటి బరువుని ఎండు బరువుతో భాగిస్తాం. "మాయిశ్చర్ కంటెంట్" అంటే నీటితో కలిసిన మొత్తం బరువుతో భాగిస్తాం. పత్తికి ప్రామాణిక రీగెయిన్ 8.5 శాతం. అదే పత్తిని రెండో లెక్కలో చెబితే 7.8. ఇద్దరూ నిజమే చెబుతూ కొట్టుకుంటారు. మీరు నైలాన్ తూచాక ఏ లెక్కన శాతం వేశారో రాయండి. పాలియెస్టర్ వాళ్లు హాయిగా ఉంటారు, వాళ్ల రీగెయిన్ 0.4.

---

దస్తా:

స్క్రాప్‌రాజు గారు "ఇదేమైనా అట్టముక్కా" అన్నారు కాబట్టి అట్టముక్కల తరఫున నేను. మామూలు గాలిలో అంతంత బరువు మోసే అట్టపెట్టె 90 శాతం తేమలో పెడితే సుమారు సగం బరువుకే కూలబడుతుంది. కాగితం బలమూ తగ్గుతుంది. మడతకి తట్టుకునే గుణం మాత్రం పెరుగుతుంది. కాబట్టి "తేమ మంచిదా చెడ్డదా" అని అడగకూడదు, ఏ టెస్టుకి అని అడగాలి.

నేను చెప్పదలచుకున్నది వేరే. కాగితాన్ని 50 శాతం గాలిలో ఉంచితే దాని తేమ ఎంత? దానికి ఒక్క జవాబు లేదు. ఎండు వైపు నుంచి 50కి వచ్చిన కాగితంలో నీళ్లు తక్కువ, తడి వైపు నుంచి 50కి దిగిన కాగితంలో నీళ్లు ఎక్కువ. ఎంతసేపు ఉంచినా ఆ తేడా పోదు. కాగితం తను వచ్చిన దారి మర్చిపోదన్నమాట. హిస్టెరిసిస్ అంటారు. అందుకే మేం ప్రతి శాంపిల్‌నీ ముందు 35 శాతం కంటే తక్కువ తేమలో కాసేపు ఎండబెట్టి, అప్పుడు 23/50 గదిలో వేలాడదీస్తాం. అందరూ ఒకే వైపు నుంచి మెట్టెక్కాలని.

కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి వర్షం రోజు వచ్చిన శాంపిల్స్‌ని నేరుగా గదిలో పెట్టి మర్నాడు లాగేశాడు. గది లాగ్‌బుక్‌లో గీత పెట్టి గీసినట్టు 50. రిజల్ట్ మాత్రం పాత బ్యాచ్ కంటే తక్కువ. కుర్రాడు నాలుగు రోజులు మెషీన్ దవడలు శుభ్రం చేస్తూ కూర్చున్నాడు, పాపం. ఆ కుర్రాణ్ణి నేనే.

---

గిగాఓం:

మీరంతా శాతాల్లో మాట్లాడుతున్నారు. మా దగ్గర తేమ సున్నాల్లో మాట్లాడుతుంది. ఇన్సులేటర్ పైతలం రెసిస్టెన్స్ 30 శాతం గాలిలో ఒకటి, 80 శాతం గాలిలో దానికి వెయ్యో వంతు. ఇది పెద్ద వింతేం కాదు. పైన కంటికి కనపడని నీటి పొర ఏర్పడుతుంది, కాస్త మురికో ఉప్పో తోడైతే అది దారి పరిచేస్తుంది.

ఒకసారి ఎపాక్సీ పలకల సెట్‌లో ఒకే ఒక పలక పదిసార్లు కొలిచినా తక్కువ చూపించింది. అడ్డంగా లైటు వేసి చూస్తే అంచు దగ్గర బొటనవేలి ముద్ర. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి కొలిస్తే మిగతా వాటి వరసలోకి వచ్చింది. చెమటలోని ఉప్పు తేమని పిలిచి కూర్చోబెడుతుంది. ఎండగా ఉన్న రోజుల్లో ఆ ముద్ర ఉన్నా తేడా తెలిసేది కాదేమో.

గార్డ్ రింగ్ (పైతలం మీది కరెంటుని లెక్కలోకి రానివ్వని రింగ్) లేకుండా వాల్యూమ్ రెసిస్టివిటీ (పలక లోపలి రెసిస్టెన్స్) అని రాసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. మీరు కొలిచింది పలకని కాదు, పలక మీది నీటి పొరని.

అలాగని బాగా ఎండబెట్టినా సుఖం లేదు. తేమ 30 కిందికి దిగితే కుర్చీలోంచి లేచిన మనిషి వేలికొన నుంచి నిప్పురవ్వ. త్రాసు గిన్నెలో ప్లాస్టిక్ ముక్క పెడితే అంకె అటూ ఇటూ తేలుతూ ఉంటుంది, అది స్టాటిక్ విద్యుత్తు. నైలాన్‌తో_నానాపాట్లు గారూ, ఓవెన్‌లోంచి తీసిన ఎండు ముక్కలు తూచేటప్పుడు ఇది మీకు ఎదురవుతుంది. అయొనైజర్ (స్టాటిక్ పోగొట్టే పరికరం) ఉంటే వాడండి.

---

నైలాన్‌తో_నానాపాట్లు:

పదకొండు రోజుల తర్వాత వస్తున్నాను, ఊరికే మాయమవలేదు. అందరికీ థ్యాంక్స్.

మిగిలిన పదింటిలో మూడు ముక్కల్ని వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టాను. వాటిలో ఒకదాని తూకాలు ఇవి. మొదట 10.742 గ్రాములు. ఒక రోజు తర్వాత 10.664. రెండో రోజు 10.622. మూడు, 10.599. నాలుగు, 10.586. ఐదు, 10.582. ఆరు, 10.582. అక్కడ ఆపేశాను. ఎండు బరువు మీద లెక్కేస్తే 1.5 శాతం నీళ్లు (పడుగుపేక గారూ, ఎండు బరువే!). మిగతా రెండూ 1.5, 1.6. గిగాఓం గారు చెప్పినట్టే మొదటి రోజు తూకం నాట్యం చేసింది. అయొనైజర్ పెట్టాక కుదురుకుంది.

ఆ మూడింటినీ డెసికేటర్‌లో (తేమ చేరని బిగుతు పాత్రలో) చల్లార్చి, తీసిన ఐదు నిమిషాల్లోపు లాగాను. 77, 78, 77. మాడ్యులస్ మళ్లీ 3. ఆ గ్రాఫ్ చూస్తే నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. అదే బ్యాచ్! అప్పుడు మెత్తగా సాగిన ముక్కల అన్నదమ్ములు ఇలా నిటారుగా లేచాయి. గొలుసులు తెగి ఉంటే ఆరబెట్టినంత మాత్రాన బలం తిరిగి రాదు కదా, కాబట్టి రీగ్రైండ్ అనుమానం, తడి గింజల అనుమానం రెండూ పోయినట్టే అనుకుంటున్నాను.

ఎండిన ముక్కల వెడల్పు కూడా 10.03కి వచ్చేసింది.

గోడ మీటర్ సంగతి కూడా చూశాను. మూత బిగుతుగా ఉండే డబ్బాలో శుద్ధమైన సోడియం క్లోరైడ్‌ని నీళ్లతో తడి ఇసుకలా కలిపి, మీటర్‌ని పైన వేలాడదీసి రాత్రంతా వదిలేశాను. ఆ ఉప్పు ముద్ద మీద గాలి 75 శాతం పైచిలుకు దగ్గర నిలబడాలి. మా మీటర్ 69 చూపించింది! అంటే ఇన్నాళ్లూ మా 49 నిజానికి 55 దగ్గరన్నమాట. ఎవరూ ఎప్పుడూ సరిచూడలేదు. క్యాలిబ్రేషన్ స్టిక్కర్ కోసం వెనక తిప్పి చూస్తే ధర స్టిక్కర్ ఉంది.

ఒక సందేహం. తేమ గాలి బరువెక్కువ కదా, దాంతో త్రాసు మీద ముక్క తేలికగా కనిపించి నా తూకం తప్పయ్యే అవకాశం ఉందా? ఇంకొకటి, ఇప్పుడు రిపోర్టులో ఏం రాయాలి? 58 రాయనా, 77 రాయనా?

---

స్క్రాప్‌రాజు:

సరే, ఒప్పుకున్నాను. రీగ్రైండ్ కాదు. కానీ ఇంత తతంగం అయితే రోజువారీ షాపులో ఎవడు చేస్తాడండీ? ముక్కలు పోయగానే ఒక పాలిథిన్ కవర్లో సిలికా జెల్ పొట్లం వేసి కడితే సరిపోదా?

---

తడిబల్బు:

స్క్రాప్‌రాజు గారూ, సరిపోయేది కవర్‌ని బట్టి. మామూలు పాలిథిన్ ఆవిరిని పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుంది అంతే. అల్యూమినియం రేకు అతికించిన కవర్ వాడి, అంచు వేడితో అతికించి, లోపల జెల్ పెడితే ముక్క ఎండుగానే ఉంటుంది. జెల్‌ని కూడా రంగు చూసి వేయండి. చాలామంది గులాబీ రంగుకి తిరిగిన నీలం జెల్‌ని అలాగే పడేస్తారు. అది ఇక పీల్చదు సరికదా, తన దగ్గరున్నది ముక్కకి పెట్టగలదు.

నైలాన్‌తో_నానాపాట్లు గారూ, మీరు ఉప్పు డబ్బా పెట్టినందుకు నా టోపీ తీస్తున్నాను. టోపీ లేదు, ఉన్నట్టు అనుకోండి. మీటర్ అన్ని చోట్లా అదే ఆరు తక్కువ చూపిస్తుందని గ్యారంటీ లేదు కాబట్టి మెగ్నీషియం క్లోరైడ్‌తో కూడా చూడండి. అది 33 దగ్గర నిలబడుతుంది. రెండు చోట్ల చూస్తే మధ్యలో 50కి ఎంత కలపాలో తెలుస్తుంది.

తూకం సందేహం. తేమ గాలి బరువెక్కువ కాదు, తక్కువ. చాలామంది పొరబడేది ఇక్కడే. నీటి అణువు బరువు 18, గాలి సగటు 29. ఆవిరి వచ్చి చేరితే బరువైన అణువుల చోటులో తేలికవి కూర్చున్నట్టు. ఇక ఎంత అంటారా, 20 డిగ్రీల్లో తేమ 10 శాతం మారితే గాలి సాంద్రత ఘనపు సెంటీమీటరుకి 0.001 మిల్లీగ్రాము మారుతుంది. మీ ముక్క ఘనపరిమాణం తొమ్మిదిన్నర ఘనపు సెంటీమీటర్లు అనుకుందాం. తూకంలో తేడా సుమారు 0.01 మిల్లీగ్రాము. మీరు కొలిచిన నీళ్లు 160 మిల్లీగ్రాములు. మీ త్రాసుకి ఆ తేడా కనపడను కూడా కనపడదు. కిలో ప్రమాణపు బరువుల్ని పోల్చేవాళ్లకే ఆ గొడవ.

రిపోర్టు. 77 రాయండి, పక్కన "ఎండు స్థితి" అని రాయండి, వాక్యూమ్‌లో 80 డిగ్రీలు, తూకం నిలిచేదాకా అని రాయండి. వాళ్ల 79తో పోల్చాల్సింది దాన్నే. 58ని పారేయకండి, కానీ కస్టమర్ రిపోర్టులో ప్రధానమైన అంకెగా పెట్టకండి, దానికి పేరు పెట్టడానికి వీల్లేదు. తేమ పట్టిన స్థితిలో అంకె కావాలంటే మిగిలిన ఏడు ముక్కల్ని ఐఎస్‌ఓ 1110 (నైలాన్‌కి త్వరగా తేమ పట్టించే ప్రామాణిక) పద్ధతిలో 70 డిగ్రీలు, 62 శాతం తేమ ఉన్న ఛాంబర్‌లో పెట్టండి. వేడిలో నీళ్లు త్వరగా దూరతాయి, 23/50లో ఏడాదికి చేరే స్థితికి వారాల్లోపే వస్తుంది. అప్పుడు లాగితే 58 కంటే ఇంకా కిందికే వస్తుంది, కంగారు పడకండి. ఏడింటినీ ఒకేసారి లాగేయకుండా ఒకటి తూకానికి ఉంచుకోండి.

మీటర్ తప్పు చూపించడం గురించి మీ పెద్దాయనకి చెప్పేటప్పుడు జాగ్రత్త. 49కి బదులు 55 ఉండడం వల్ల 21 మెగాపాస్కల్ పోలేదు. అది వేరే తప్పు, ఇది వేరే తప్పు. రెండూ కలిపి చెబితే ఆయన చిన్నదాన్ని పట్టుకుని పెద్దదాన్ని వదిలేస్తారు.

---

దస్తా:

మీటర్లంటే గుర్తొచ్చింది. మా పాత ల్యాబ్‌లో ఒక మూల జుట్టుతో పనిచేసే హైగ్రోగ్రాఫ్ (తేమని గీసి చూపే మీటర్) ఉండేది, డ్రమ్ము మీద సిరాతో గీత గీస్తూ. మనిషి వెంట్రుక పూర్తి ఎండు నుంచి పూర్తి తేమకి వెళ్తే తన పొడవులో సుమారు రెండు, రెండున్నర శాతం సాగుతుంది. ఆ సాగుడునే మీటల ద్వారా ముల్లుకి అందిస్తారు. జెనీవాకి చెందిన శాస్త్రవేత్త సోస్యూర్ 1783లో దీని గురించి రాశాడు. తమాషా ఏంటంటే, మనం ఇక్కడ తిట్టుకుంటున్న గుణమే అక్కడ కొలబద్ద అయింది. మెటీరియల్ తేమకి సాగిపోతోందని ఒకరు ఏడుస్తుంటే, దాన్నే స్కేలు చేసుకున్నారు ఇంకొకరు.

---

తడిబల్బు:

ఆ డ్రమ్ము మీటర్ నాకూ ఇష్టమే. నా పేరులో ఉన్న తడి బల్బు (తడి గుడ్డ చుట్టి తేమ కొలిచే థర్మామీటర్) ఇంకా ఇష్టం, కానీ దాని గుడ్డ మార్చకపోతే అదీ అబద్ధాలాడుతుంది. గుడ్డ మురికి పట్టి గట్టిబడితే నీళ్లు సరిగ్గా పైకి ఎక్కవు, బల్బు చాలినంత చల్లబడదు, తేమ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. డిస్టిల్డ్ వాటర్ పోయండి, గుడ్డ మార్చండి, గాలి తగలనివ్వండి.

---

నైలాన్‌తో_నానాపాట్లు:

చివరి అప్‌డేట్. మెగ్నీషియం క్లోరైడ్ డబ్బాలో మీటర్ 30 చూపించింది, అంటే అక్కడ మూడే తక్కువ. తడిబల్బు గారు అన్నట్టే తప్పు అన్ని చోట్లా ఒకేలా లేదు. మధ్యలో లెక్కేసి కొత్త మీటర్ వచ్చేదాకా 4 కలుపుకోమని దాని కింద కాగితం అంటించాను. పోయినసారి నేను రాసిన 55 కూడా తప్పే, 53 అనుకోండి.

మీ మాట విని పెద్దాయన దగ్గర మీటర్ ఊసు ఎత్తలేదు. తూకాల పట్టిక మాత్రం బల్ల మీద పెట్టాను. 10.742 నుంచి 10.582 దాకా వేలు పెట్టి చదివారు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, "ఛాంబర్ ఎప్పుడు ఖాళీ?" అన్నారు. ఏడు ముక్కలూ ఇవాళ పొద్దున 70/62లోకి వెళ్లాయి. పెట్టే ముందు ఒకదాని చివర మార్కర్‌తో "తూకానికి, లాగొద్దు" అని రాశాను. తర్వాత గుర్తొచ్చి ఆ సిరా తడి ఆరాక మళ్లీ తూచాను, 10.741. మొదటి తూకం కొట్టేసి అదే రాసుకున్నాను.